పదిహేడో నంబరు బోల్టు

పొద్దున్నే మాబు సాహెబ్ చేసే మొదటి పని షెడ్డు ముందు నీళ్ళు చల్లడం. పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచి లేచిన దుమ్ము రాత్రంతా మెల్లగా దిగి, తెల్లారేసరికి తలుపుల మీద, ఖాళీ పీపాల మీద, మూలన పడుకున్న కుక్క వీపు మీద కూడా పిండి జల్లినట్టు పరుచుకుని ఉంటుంది. నీళ్ళు చల్లాక చేతులు కడుక్కుని, గోనెపట్టా పరిచి, దాని మీద స్పానర్లు పేరుస్తాడు. చిన్నవి ఎడమ పక్క, పెద్దవి కుడి పక్క. ఆ తర్వాత కూతురు ఖుర్షిదా రెండు వీధుల అవతలి నుంచి తెచ్చిన టీ తాగుతాడు. టీ అయిపోయేలోపు ఏదో ఒక లారీ వచ్చి హారన్ కొడుతుంది.

అక్కణ్ణించి షెడ్డులో బోల్టుల మాటలు మొదలవుతాయి. బోల్టు బిగించేటప్పుడు మనిషి నోట్లోంచి వచ్చిన మాట ఇనుములోకి ఎక్కి కూర్చుంటుంది. ఊడదీసిన రోజున బయటికొస్తుంది. రేడియేటర్లో నీళ్ళు పొయ్యాలని తెలిసినట్టే ఆ రోడ్డు మీద బండ్లు నడిపేవాళ్ళందరికీ ఇదీ తెలుసు. నరసరావుపేట బస్సు చక్రం నట్టు ఒకటి ఊడదీస్తే, "ఇవాళ కూడా వంకాయేనా" అంది. మాచర్ల లారీ స్ప్రింగు బోల్టు ఒకటి కిసుక్కున నవ్వింది. ఎక్కడో ఎవరో మెకానిక్కు తన యజమానిని తిట్టిన తిట్లు వరసగా నాలుగు నట్ల లోంచి వినపడి, ఖుర్షిదా చెవులు మూసుకుని ఇంటికి పోయిన రోజు కూడా ఉంది. బోల్టుని ఎర్రగా కాల్చినా, ఉలి పెట్టి తల నరికినా లోపలి మాట చచ్చిపోతుంది. లోపల చిక్కు మాటేదో ఉందనిపిస్తే కొందరు కావాలనే ఉలి పెట్టిస్తారు.

మాబు సాహెబ్ బిగించిన బోల్టులు మాత్రం ఏమీ పలకవు. ఊడదీస్తే చిన్న గాలి చప్పుడు, అంతే. స్పానరు పట్టాడంటే ఆయన పెదవి కదపడు. దమ్ము బిగబట్టి చివరి చుట్టు తిప్పి, చెయ్యి తీశాకే ఊపిరి వదులుతాడు. ముప్ఫై ఏళ్ళ నుంచీ అంతే. 'సాహెబు బోల్టు' అంటే గుంటూరు బ్రాడీపేట షాపులవాళ్ళకి కూడా తెలుసు. మాట్లాడని బోల్టు, వదులవ్వని బోల్టు.

మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, ఒక సోమవారం ఉదయం, రెండు జతల ఎడ్లు బాపయ్యగారి కొత్త లారీని షెడ్డుకి లాక్కొచ్చాయి.

బాపయ్యకి రెండు లారీలున్నాయి. ఎప్పుడూ గుంటూరికి సున్నం, ఈ రోజుల్లో మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు. కొత్త లారీ కొన్న రోజు నుంచీ దాన్ని నడిపేది గురవయ్య. పదకొండు రోజుల కిందట బట్టీల వాలు దిగుతుంటే బ్రేకు పట్టక, లారీ రోడ్డు దిగి వెంకటేశ్వరమ్మ కల్లంలోకి దూసుకుపోయి, కాయల రాశిలో ఆగింది. మనుషులకేమీ కాలేదు గానీ, ఊరు ఊరంతా రెండు రోజులు తుమ్మింది. లారీ కింద ఉన్న కాయలన్నీ ఏరుకున్నాకే దాన్ని కదలనిస్తానని వెంకటేశ్వరమ్మ పట్టుబట్టి, ఇన్నాళ్ళూ అక్కడే కూర్చోబెట్టింది.

"మాబు సాహెబూ," అన్నాడు బాపయ్య, పంచె పైకి దోపుకుని షెడ్డులోకి వస్తూనే. "శ్రావణంలో ఈ బ్రేకులు నువ్వేగా చేసింది?"

"నేనే."

"అదీ! సాహెబు బిగించిన బోల్టు ఏడు నెలలకే వదులవుతుందా? నేనైతే నమ్మను. గుంటూరు దాకా ఎవడూ నమ్మడు. మరి బ్రేకెందుకు పట్టలేదూ? తొక్కితేగా పట్టడానికి! వీడు స్టీరింగ్ మీద కునుకు తీశాడు. బ్రేకు ఆయిలు పైపు విరిగింది కదా అంటాడు. విరక్కేం చేస్తుంది, అంత గుద్దు గుద్దాక?"

గురవయ్య ఎడ్ల పక్కన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు, పొడగరి. తుండుగుడ్డ రెండు చేతుల్లో నలుపుతున్నాడు.

"తొక్కానండీ," అన్నాడు.

"శనివారం కల్లు తాగుతావా లేదా?"

"తాగేది మంగళవారమండీ."

"మంగళవారమైతే మంగళవారం. నీ చేతికి మళ్ళీ బండి ఇచ్చానంటే నా అంత తెలివితక్కువవాడు ఉండడు." బాపయ్య మాబు సాహెబ్ వైపు తిరిగాడు. "శుక్రవారానికి బండి రోడ్డెక్కాలి. పాత లారీ నడిపే పేరయ్య దీని మీదికి వస్తాడు. వీడి సంగతి నేను లారీ ఆఫీసులోనూ చెప్పాను. ఇంకెవడూ వీణ్ణి పెట్టుకోడు."

గురవయ్య తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. ఎడ్లని విప్పడానికి వంగాడు.

మాబు సాహెబ్ ముందు చక్రం కింద జాకీ పెట్టి, చక్రం ఊడదీసి, బ్రేకు డ్రమ్ము లాగేశాడు. తర్వాత చాప ఈడ్చుకుని లారీ కిందికి వెల్లకిలా జరిగాడు. బ్రేకు తొక్కినప్పుడు లైనింగుల్ని నెట్టే సిలిండరు ఒకటి ఉంటుంది, గుప్పెడంత. దాన్ని వెనక రేకుకి పట్టి ఉంచేవి రెండు బోల్టులు. మట్టీ సున్నమూ కలిసి గట్టిపడిన పొరని గోటితో గీకి, మొదటి బోల్టుని వేళ్ళతో తడిమాడు. ఆరు మూలలు, గట్టిగా, సరిగ్గా. రెండో దాన్ని తడిమాడు. మూలలు లేవు. తల గుండ్రంగా, నున్నగా, నదిలో రాయిలా ఉంది. దాని కింద, బోల్టు తలకీ రేకుకీ మధ్య, గోరు దూరే సందు ఉంది.

ఆ సందులో గోరు పెట్టి ఆయన చాలాసేపు అలాగే పడుకున్నాడు.

ఆ బోల్టుని ఆయన మరిచిపోలేదు. శ్రావణంలో వానకి రోడ్డు మునిగి ఖుర్షిదా రాలేని రోజు అది. అంతకుముందు వచ్చిన బండ్లన్నీ అంగుళాల లెక్క. ఈ కొత్త లారీ మిల్లీమీటర్ల లెక్కలో వచ్చింది. పదిహేడు మిల్లీమీటర్ల స్పానరునీ, పదకొండు బై పదహారు అంగుళాల స్పానరునీ పక్కపక్కన పెడితే కళ్ళున్నవాడే పోల్చలేడు. పిడి మీద చెక్కిన నంబరు చూడాలి. మాబు సాహెబ్‌కి ఆ నంబర్లు కనపడక అప్పటికి రెండేళ్ళు. ఎవరికీ చెప్పలేదు. రోజూ ఖుర్షిదాని ఏదో మాటలో పెట్టి, "అదేదో చూడమ్మా, నా చేతికి గ్రీజుంది," అని చదివించుకునేవాడు.

ఆ రోజు చదివేవాళ్ళు లేరు. చేతికొచ్చిన స్పానరు పెట్టాడు. కాస్త వదులుగా ఆడింది. ఇంకోటి తీసి చూడొచ్చు. తియ్యకుండా, బిస్కెట్ల డబ్బా రేకుముక్క ఒకటి స్పానరుకీ బోల్టుకీ మధ్య దోపి సరిపెట్టాడు. సరైన స్పానరు లేనప్పుడు ఆ షెడ్లలో అందరూ చేసే పనే అది. సరైన స్పానరు మూరెడు దూరంలో ఉండగా ఆయన చేశాడు. ఇంకో అర చుట్టు తిరగాలనగా రేకు జారింది, స్పానరు గిర్రున తిరిగింది, మూలలు పోయాయి. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, స్పానరు ఇంకా బోల్టు మీద ఉండగానే ఆయన నోరు తెరిచాడు. "అర చుట్టుకి ఏమవుతుందిలే," అన్నాడు. పైన గ్రీజు దట్టంగా పూశాడు.

ఆ అర చుట్టు సందులో సిలిండరు ఏడు నెలలు సన్నగా వణికింది. వణికి వణికి, దానికి బ్రేకు ఆయిలు తెచ్చే పైపు మొదట్లో చీలి ఆయిలు కారిపోయింది. ఇదంతా ఇప్పుడు ఆయన గోటి కింద ఉంది. అదే సందులోకి సున్నపు దుమ్ము, వాన నీళ్ళు దిగి సిమెంటులా గట్టిపడి, బోల్టు అక్కడే పట్టేసింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

"ఏంటి సాహెబూ, నిద్రపోయావా నువ్వు కూడా?" అని పైనుంచి బాపయ్య నవ్వాడు.

"బోల్టు ఒకటి పట్టేసింది."

"ఉలి పెట్టి నరికెయ్. ఎంతసేపు పని?"

నిజమే. పది నిమిషాల పని. తల ఎగిరిపోతుంది, మాట చచ్చిపోతుంది, మిగిలిన ముక్కని డ్రిల్లు పెట్టి తీస్తాడు. అడిగేవాడు లేడు. గురవయ్య కూడా అడగడు. సాహెబు బోల్టు మాట్లాడదని అతనికీ తెలుసు, ఇక అందులో వినడానికి ఏముంటుంది?

"ఉలి పెట్టను," అన్నాడు మాబు సాహెబ్. ఎందుకన్నాడో ఆయనకే తెలియలేదు. "లోపలి మర చుట్లు పాడవుతాయి. గురువారం దాకా ఆగండి."

"నీ ఇష్టం. శుక్రవారం మాత్రం దాటనీకు." బాపయ్య వెళ్ళిపోయాడు.

ఆ సోమవారం ఆయన చేసిందల్లా, పాత పంచె పీలికని కిరసనాయిల్లో తడిపి బోల్టు చుట్టూ కట్టడమే. ఎండిపోకుండా పూటకోసారి చుక్కలు వెయ్యాలి. మధ్యమధ్య చిన్న సుత్తితో తల మీద తట్టాలి. గట్టిగా కాదు, నిద్రపోతున్నవాణ్ణి భుజం తట్టి లేపినంత. ఆ దెబ్బకి తుప్పు వెంట్రుకవాసి బీటలిస్తుంది, బీటలోకి కిరసనాయిలు దిగుతుంది. తొందరపడి గట్టిగా కొడితే మర లోపలే నలిగిపోతుంది. మాబు సాహెబ్ తట్టుతూ కూర్చున్నాడు. ఒక్కో తట్టుకీ, ఇది ఊడొచ్చాక షెడ్డు ముందు బండ్లు ఆగవన్న ఆలోచన వచ్చేది. ఆ వెంటనే ఎడ్లని విప్పడానికి వంగిన గురవయ్య వీపు కనపడేది. ఆయన తీస్తున్నాడో, తీసే రోజుని వెనక్కి నెడుతున్నాడో చూసేవాళ్ళకి తెలియదు.

మంగళవారం మధ్యాహ్నం గురవయ్య వచ్చాడు. క్యాబిన్‌లో ఉన్న తన సామాను తీసుకుపోవడానికి. దుప్పటి, రాగిచెంబు, గడ్డం గీసుకునే అద్దంముక్క. అన్నీ తుండుగుడ్డలో మూటగట్టి, పోబోయి, మళ్ళీ వచ్చి లారీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సాహెబుగారూ."

"ఊఁ."

"నేను నిజంగానే నిద్రపోయానేమోనండీ."

లారీ కింద సుత్తి ఆగింది. "తొక్కానన్నావుగా?"

"అన్నాను. కాలు కిందికి పోయినట్టు గుర్తండీ. మెత్తగా, సున్నపు బస్తాలో దిగినట్టు. కానీ బ్రేకు చేసింది మీరు. మీరు చేసిన బ్రేకు అట్టా మెత్తగా పోదు కదండీ? అంటే అదంతా కలలో తొక్కానేమో." నవ్వబోయాడు. "మా ఆడది రాత్రుళ్ళు నా కాలి వంకే చూస్తందండీ, నిద్రలో ఏమన్నా తొక్కుతున్నానేమోనని. బట్టీలో రాళ్ళు మోసే పని చూసుకున్నాను. వచ్చే సోమవారం నుంచి. అక్కడైతే కునుకు పట్టినా నా నెత్తినే పడతాయి, పక్కవాడికేం కాదు."

"గురవయ్యా..."

"చెప్పండి."

మాబు సాహెబ్‌కి లారీ కిందినుంచి గురవయ్య పాదాలు మాత్రమే కనపడుతున్నాయి, అవి కూడా మసక మసగ్గా. కుడికాలి బొటనవేలు నేలని నొక్కుతోంది, వదులుతోంది, మళ్ళీ నొక్కుతోంది.

"టీ తాగి పో," అన్నాడు.

బుధవారం ఖుర్షిదా అన్నం గిన్నె తెచ్చేసరికి తండ్రి ఆకురాయి పట్టుకుని లారీ కింద ఉన్నాడు. గుండ్రమైపోయిన తలని స్పానరు పట్టాలంటే, దానికి మళ్ళీ ఎదురుబొదురుగా రెండు చదును మొహాలు అరగదియ్యాలి. చిన్న సైజుకి, అయిదు బై ఎనిమిది అంగుళాలకి. నాలుగు గీతలు రాయడం, వేలితో తడిమి చూడటం, మళ్ళీ నాలుగు గీతలు. ఖుర్షిదా వంగి చూసింది. ఆయన కళ్ళు మూసుకుని పని చేస్తున్నాడు.

"అమ్మా, అయిదు బై ఎనిమిది ఎక్కడుందో చూడు. నా చేతికి గ్రీజుంది."

"నీ చేతికి గ్రీజేం లేదు నాయనా. ఇనప రజను ఉంది."

ఆకురాయి ఆగింది.

"ఎప్పట్నుంచి?" అంది ఖుర్షిదా.

"ఏది?"

"కళ్ళు."

ఆయన ఆకురాయి మీది రజను వేలితో తుడిచాడు. ఖుర్షిదా చాప అంచున కూర్చుంది. అయిదో తరగతి దాకా చదివిందామె. ముప్ఫై ఏళ్ళ వయసుకి తండ్రి స్పానర్లన్నీ తండ్రికంటే బాగా తెలుసు.

"శ్రావణంలో వాన తగ్గాక షెడ్డు ఊడుస్తుంటే బిస్కెట్ల రేకుముక్క దొరికింది," అంది. "నలిగిపోయి ఉంది. పదిహేడు స్పానరు చూస్తే దానికి తడి కూడా అంటలేదు. అప్పుడే అనుకున్నాను."

"అడగలేదేం?"

"నువ్వే చెబుతావని."

బయట మిరప టిక్కీల బండి ఒకటి పోయింది. ఘాటుకి ఇద్దరూ తుమ్మారు. ఖుర్షిదా లేచి, స్పానరు తెచ్చి ఆయన కుడిచేతి పక్కన పెట్టింది. మళ్ళీ వెళ్ళి ఉలి తెచ్చి, అది కూడా దాని పక్కనే పెట్టింది.

"ఉలి పెడితే నేను ఎవరికీ చెప్పను నాయనా," అంది. "ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పను. కానీ రేపట్నుంచి నంబర్లు మాత్రం నన్ను అడిగి తీరాలి." అన్నం గిన్నె మూత తీసిపెట్టి వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున పది గంటలకి బాపయ్య పేరయ్యని వెంటబెట్టుకుని వచ్చాడు. గురవయ్య కూడా వచ్చాడు. తాళంచెవి అతని దగ్గరే ఉండిపోయిందట, ఇచ్చి పోదామని. ఖుర్షిదా పీపా మీద కూర్చుని ఉంది.

"ఇంకా కాలేదా?" అన్నాడు బాపయ్య.

మాబు సాహెబ్ లారీ కింద ఉన్నాడు. కొవ్వొత్తి వెలిగించి బోల్టుకి చుట్టూ సన్నగా సెగ చూపించి, ఆ వేడి మీద మైనం కరిగించి మరలోకి వదిలాడు. తర్వాత స్పానరు ఎక్కించాడు. రెండు మొహాలకీ దవడలు అంటుకుపోయాయి, వెంట్రుక కూడా దూరనంతగా. పట్టేసిన బోల్టుని తియ్యాలంటే ముందు బిగించాలి. కొత్తగా ఈ పని నేర్చుకునేవాళ్ళు నమ్మరు గానీ, బిగించే వైపు రవ్వంత కదిలితే లోపలి తుప్పు విరుగుతుంది, అప్పుడు వదులు చెయ్యొచ్చు. ఆయన దమ్ము బిగబట్టి బిగించాడు. కిర్రుమంది. ఇవతలికి తిప్పాడు. కదల్లేదు. మళ్ళీ బిగించాడు, మళ్ళీ ఇవతలికి. ఈసారి కుక్క నిద్రలో మూలిగినట్టు ఒక చప్పుడు చేసి, బోల్టు కదిలింది.

"వచ్చింది," అన్నాడు పేరయ్య.

పావు చుట్టు. అర చుట్టు. ఒక చుట్టు. తర్వాత స్పానరు తీసేసి వేళ్ళతోనే తిప్పాడు. ఇంకో రెండు చుట్లలో ఊడి చేతిలో పడుతుందనగా ఆయన వేళ్ళు ఆగిపోయాయి. బోల్టుని అక్కడే వదిలేసి, చాప మీద జరుగుతూ బయటికొచ్చాడు. లేచి నిలబడటానికి ఖుర్షిదా చెయ్యి అందించబోతే వద్దన్నాడు. గురవయ్య ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"గురవయ్యా, నువ్వు నిద్రపోలేదు."

గురవయ్యకి అర్థం కాలేదు.

"నువ్వు తొక్కావు. కాలు మెత్తగా దిగిందన్నావే, అదే నిజం. ఆ బోల్టుని నేను తప్పుడు స్పానరుతో బిగించాను. మూలలు పోయాయి. అర చుట్టు తక్కువగా వదిలేసి పైన గ్రీజు పూశాను. నంబరు కనపడలేదు నాకు. రెండేళ్ళ నుంచి కనపడటం లేదు."

మొదట బాపయ్యే తేరుకున్నాడు.

"నీ పేరు చూసి మనిషిని తీసేశాను కదయ్యా!" అన్నాడు. కోపంగా అనబోయాడు గానీ గొంతు కోపంగా రాలేదు.

గురవయ్య తాళంచెవి గుప్పిట్లో బిగించాడు. ఒకడుగు వెనక్కి వేశాడు. "పద్నాలుగు రోజులు," అన్నాడు. "పద్నాలుగు రోజుల నుంచి నా కాలు నాదో కాదో నాకే తెలీకుండా పోయింది. మొన్న వచ్చి నీ పక్కనే కూర్చుని చెప్పాను. నువ్వు టీ తాగమన్నావు." అంతవరకూ మీరు మీరు అన్నవాడు నువ్వు అన్నాడు. ఆ సంగతి అందరూ గమనించారు, ఒక్క గురవయ్య తప్ప.

"అవును," అన్నాడు మాబు సాహెబ్.

"ఇన్నేళ్ళ బట్టి తెలుసు నువ్వు నాకు!"

"అవును గురవయ్యా."

గురవయ్య గిరుక్కున తిరిగి లారీ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. వెనక చక్రాన్ని కాలితో తన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, తానే చాప మీద పడుకుని లారీ కిందికి జరిగి, మిగిలిన రెండు చుట్లూ తానే తిప్పాడు.

బోల్టు అతని అరచేతిలో పడింది. షెడ్డులో సన్నగా వాన చప్పుడు వినిపించింది, రేకుల మీద పడే శ్రావణం వాన. దాని వెనక మాబు సాహెబ్ గొంతు, ఏడు నెలల కిందటిది, "అర చుట్టుకి ఏమవుతుందిలే," అంది.

మాబు సాహెబ్ తల వంచుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాడు. కానీ వాన ఆగలేదు. ఒకరి ఊపిరి వినపడింది. స్పానరు కింద పెట్టబోయి మళ్ళీ పట్టుకున్న చప్పుడు వినపడింది. అదే గొంతు, ఈసారి తగ్గి, తనలో తాను అనుకుంటున్నట్టు, "కాదులే. గురవయ్య రాగానే చెప్పాలి. మళ్ళీ తెమ్మని, కొత్తది వెయ్యాలి," అంది.

వాన ఆగిపోయింది.

ఆ మాట తాను అన్నట్టు మాబు సాహెబ్‌కి గుర్తే లేదు. మొదటి మాటని ఏడు నెలలుగా మోస్తున్నాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఇప్పుడు వింటుంటే ఒక్కొక్కటే తిరిగొచ్చింది. ఆ సాయంత్రం గురవయ్య నెత్తిన తుండుగుడ్డ కప్పుకుని తడుస్తూ వచ్చాడు. చెబుదామని ఆయన నోరు తెరిచాడు. అంతలో గురవయ్యే బానెట్ మీద చెయ్యి వేసి, "మీ చెయ్యి పడ్డాక నాకింక దిగులేందండీ," అని నవ్వాడు. ఆ నవ్వు ముందు మాట వెనక్కి పోయింది. రేపు చెబుదామనుకున్నాడు. నాలుగు రోజులకి అది చెప్పాల్సిన మాటన్న సంగతి పోయింది. ఆ తర్వాత అనుకున్నానన్న సంగతే పోయింది.

గురవయ్య లారీ కింద నుంచి వెంటనే రాలేదు. వచ్చాక, బోల్టుని తుండుగుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"రాగానే చెప్పాలన్నావు," అన్నాడు.

"ఆలస్యమైంది."

"ఆలస్యమేగా." గురవయ్య బోల్టుని మాబు సాహెబ్ చేతిలో పెట్టాడు. "చెప్పావుగా."

బాపయ్య తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆయన చేసే పని అది. చివరికి పేరయ్యతో, "నువ్వు నీ పాత లారీకి పోరా. బస్తాలు ఎత్తేవాళ్ళు నీకోసం చూస్తుంటారు," అన్నాడు. గురవయ్య వైపు చూడకుండా, "తాళంచెవి వాడి దగ్గరే ఉందిగా, వాడి దగ్గరే ఉండనీ. లారీ ఆఫీసుకి పోతున్నాను. అక్కడన్న మాట అక్కడే వెనక్కి తీసుకోవాలి," అని గొణిగి రోడ్డెక్కాడు.

కొత్త పైపు, కొత్త సిలిండరు వేసేసరికి మధ్యాహ్నం దాటింది. చివరికి కొత్త బోల్టు పెట్టే వేళకి మాబు సాహెబ్ లారీ కింద నుంచి చెయ్యి చాపాడు.

"ఖుర్షిదా, పదిహేడు చూసి ఇవ్వమ్మా. నాకు నంబరు కనపడదు."

పెద్దగానే అన్నాడు. టైరు మార్పించుకోవడానికి వచ్చి కూర్చున్న ఇద్దరు డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు కాసేపటికి లేచి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. మాబు సాహెబ్‌కి వాడి చెప్పుల చప్పుడు వినపడింది. రెండోవాడు బీడీ ముట్టించుకుని అక్కడే కూర్చున్నాడు. ఖుర్షిదా నంబరు చదివి, ఇంకోసారి చదివి, స్పానరు చేతిలో పెట్టింది. పెట్టి తానూ చాప మీద పక్కనే పడుకుని, సందు ఎక్కడా మిగల్లేదని వేలితో చూపించింది.

బ్రేకు చేశాక వాలు మీద ఒకసారి పరీక్ష చూడాలి. గురవయ్య ఇంజను స్టార్ట్ చేసి, హారన్ కొట్టి, ఎడమవైపు తలుపు లోపలి నుంచి తెరిచి పట్టుకున్నాడు. మాబు సాహెబ్ షెడ్డు గడపలో నిలబడి, తనని కాదేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

"మిమ్మల్నేనండీ," అన్నాడు గురవయ్య. "ఎక్కండి."

లారీ బట్టీల వాలు పైకి ఎక్కి, అక్కడ తిరిగి, కిందికి దిగడం మొదలుపెట్టింది. ఎడమ పక్కన వెంకటేశ్వరమ్మ కల్లంలో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. లారీని చూడగానే ఆవిడ కర్ర పుచ్చుకుని లేచి నిలబడింది. బండి వేగం అందుకుంది. మాబు సాహెబ్ రెండు చేతులతో ముందున్న కమ్మీ పట్టుకున్నాడు.

"రోడ్డు కనపడతందా సాహెబుగారూ?" అన్నాడు గురవయ్య, కళ్ళు ముందే పెట్టి.

"లేదు గురవయ్యా. అంతా తెల్లగా ఉంది."

"నాకు కనపడతందిలెండి," అని, గురవయ్య బ్రేకు తొక్కాడు.

లారీ వాలు మధ్యలో, ఒక్క కుదుపుతో, నిలబడిపోయింది. గురవయ్య కాలు తియ్యలేదు. కిందికి చూసుకున్నాడు, తన పాదం వంక, చాలాసేపు. వెనక నుంచి ఎవరిదో ఎడ్లబండి వచ్చి ఆగి, తప్పుకోమని కేకలు వేస్తోంది.

"ఇంకోసారి పైకి పోయి వద్దామండీ," అన్నాడు.